పదకొండు బండ్లకు ఒక్క రాత్రి

సోమందేపల్లె,
జనవరి 20

గౌరవనీయులైన విడిది గృహ యజమానురాలు గారికి,

బెంగళూరు నగరము నుండి బయలుదేరు మోటారు సైకిలు యాత్రికుల బృందము తరఫున వ్రాయునదేమనగా, రాబోవు జూన్ నెల పద్నాలుగవ తేదీ రాత్రి తమ గృహమునందు పదకొండు మంది మనుషులకును, పదకొండు మోటారు సైకిళ్లకును బస కావలసియున్నది. మా బండ్లు మిక్కిలి మర్యాద గలవి. రాత్రిళ్లు కేకలు వేయవు. పరుపుల మీదికి ఎక్కవు.

అక్కా, ఇంతకంటే నా వల్ల కాదు. ఈ నాలుగు లైన్లు పోస్టాఫీసు కాడ అర్జీలు రాసే జయరాముడు సారు చెప్తాంటే రాసినా. నేను జాయ్‌ని. నీ తమ్ముణ్ణి. చింపొద్దు. చింపేది ఉంటే రొంత చదివి చింపు.

నీ అడ్రస్సు యాడ దొరికిందా అని చూస్తాండావా? హైవేలో నా మెకానిక్ షాపు కాడ బెంగళూరు బైకులోళ్లు ఆగుతాంటారు. వాళ్లల్లో విజయభాస్కర్ అని ఒకాయన ఉండాడు. మనుషుల్ని యూరప్‌కి తీసకపోయి, ఆడ బాడుగ బండ్లు ఇప్పిచ్చి, పది దినాలు కొండల్లో తిప్పే కంపెనీ ఆయనది. పోయినేడు ఆయన బండి చైను తెగితే బాగు చేసిచ్చినా. "జాయ్, ఈసారి నువ్వు నాతో రా, అందరికంటే ఎనకాల బండి మీద రావల్ల, ఎవురి బండి ఆగితే వాళ్లకాడ ఆగల్ల" అన్నాడు. ఏడో తరగతి తప్పినోన్ని, యూరప్‌కి. ఆయనే నన్ను ఆట పట్టిస్తాండాడేమో అనుకున్నా.

ఆయన నాకు ఇంకొక పని ఇచ్చినాడు. రాత్రిపూట బండ్లు పెట్టుకోని పండుకునేదానికి ఇండ్లు ఏరల్ల. కంప్యూటర్లో నలభై ఇండ్లు చూపిచ్చినాడు. ఇంగ్లీషు నేను చదవను గదా, ఫోటోలు చూసి ఏరినా. షెడ్డు నేల మీద ఆయిలు మరకలు ఉంటే ఆడ బండ్లు నిలబడినాయని అర్థం. గేటు కాడ కంకర పోసింటే వద్దు, బరువు బండి జారతాది. ముప్పై ఒకటో ఇల్లు పిరనీస్ కొండల్లోది. షెడ్డు బాగుండాది. మరకలు బాగుండాయి. తలుపు కాడ ఒకామె, టవలు నడుముకు దోపుకోని, "ఏం చూస్తావురా, పనిలేదా" అన్నట్టు నిలబడింది.

అక్కా, అంత దూరం పోయినా నీ నిలబడేది మారలేదు.

నువ్వు ఆస్పత్రిలో ఆయాగా ఉన్నప్పుడు ఆడనే పనిచేసే స్పెయిన్ నర్సమ్మ మోంసె ముసిలిదైపోయి, "మోకాళ్లు లేస్తలేవు, రెండేండ్లు నాతో వచ్చి నన్ను చూసుకో ఎస్తేరు" అని పిలుచుకోని పోయింది. రెండేండ్లని పోయినావు. పదేండ్లాయ. మన శశి బావ పోయినాక ఏడేండ్లుగా నీ గొంతు ఇనలేదు నేను.

అదంతా ఇప్పుడు వద్దు. నేను గిరాకీని. మాకు తాళం వేసే షెడ్డు కావల్ల. నేల గట్టిగా ఉండల్ల. వానలో తడిచిన జర్కిన్లు ఆరేసేదానికి వేడి రూము కావల్లంట, ఇది విజయభాస్కర్ రాయమన్నాడు. నేను పడీపడీ నవ్వినా. మన ఊర్లో అయితే ఊరే ఒక ఆరేసే రూము. ఆరేసేదానికి తడిచిన గుడ్డ దొరకాల గానీ.

ఉండాదా, లేదా? అంతే రాయి. ఫోను నంబరు కింద రాసినా.

నీ తమ్ముడు
జాయ్


ఐన్సా దగ్గర, పిరనీస్ కొండలు,
స్పెయిన్
ఫిబ్రవరి 12

జాయ్,

నీ ఉత్తరం అందింది.

షెడ్డులో పద్నాలుగు బండ్లు పడతాయి. నేల బండపరుపు, స్టాండు దిగబడదు. తాళం ఉంది. జర్కిన్లు, బూట్లు ఆరబెట్టడానికి బాయిలరు పక్కన గది ఉంది. గోడకు పానాలు, చైనుకు పూసే నూనె, గాలి కొట్టే పంపు పెట్టినాను. చలిలో తడిసి వచ్చినవాళ్లకు ముందు సూపు పోస్తాను, పేర్లు తర్వాత రాసుకుంటాను. పొద్దున ఆరుకే టిఫిను. మోంసె అమ్మ చనిపోయి నాలుగేళ్లయింది. ఇల్లు చూసుకొమ్మని నాకే అప్పగించి పోయింది.

ఇక నీ సంగతి. జూన్ పద్నాలుగుకు ఫ్రాన్సు నుంచి ఒక గుంపు ప్రతి ఏడూ వస్తుంది. వాళ్లూ బండ్ల మీదే వస్తారు. మీకు ఇవ్వాలంటే వాళ్లను రావద్దని చెప్పాలి. నీ మాట మీద చెప్పాలా?

నువ్వూ మీ బావా కలిసి ఆయన్నే నా ముందర ఉత్తుత్తిగా ఎన్నిసార్లు చంపినారో గుర్తుందా? ఒకసారి బోరు గుంతలో పడినాడన్నారు. వీధి చివర దాకా చెప్పుల్లేకుండా పరిగెత్తినాను. ఒకసారి పెనుకొండ కొండ మీద ఎలుగుబంటి పట్టిందని చొక్కాకు టమాటా రసం పూసుకోని పండుకున్నాడు. నేను ఇక్కడికి వచ్చినాక కూడా ఫోన్లో ఒకసారి కరెంటు షాకన్నావు. వెనకాల ఆయన నవ్వు నాకు వినపడింది.

ఏడో తరగతి తప్పినవాడు యూరప్‌కు వస్తున్నాడంటే నేను నమ్మాల్నా? నమ్మి షెడ్డు ఖాళీ చేసి, పదకొండు మందికి సూపు కాచి, గేటు దగ్గర నిలబడాల్నా?

ఋజువు చూపించు. అప్పుడు ఆలోచిస్తాను.

ఫోను మాత్రం చెయ్యొద్దు. రాయి.

ఎస్తేరు


సోమందేపల్లె,
మార్చి 9

అక్కా,

నీ జాబు పదిసార్లు చదివినా. అందులో తిట్టు ఒకటీ లేదు. అదే భయమేసింది నాకు.

ఋజువు అడిగినావు గదా, పాసుపోర్టు జిరాక్సు పెట్టినా చూడు. ఫోటోలో ఉండేది నేనే. నవ్వొద్దని ఆ ఫోటో తీసేవాడు తొమ్మిదిసార్లు చెప్పినాడు. పదోసారి వాడే నవ్వినాడు.

ఇది వచ్చేదానికి ఎంత కత అయ్యిందనుకుంటివి. ఆఫీసులో జాయ్ అంటే ఆడమనిషి అనుకోని "మేడమ్‌ని పిలువప్పా" అన్నారు. "మేడమ్‌ని నేనే" అన్నా. ఇంక గంటసేపు బయట నిలబెట్టినారు. తర్వాత పోలీసాయన విచారణకు మన బయ్యన్న టీ కొట్టు కాడికి వచ్చి, "ఈ జాయ్ అనేటోడు నమ్మదగిన మనిషేనా?" అని అడిగినాడు. బయ్యన్నకి నవ్వొచ్చి చేతిలో గ్లాసు పడిపోయినాది. "సార్, వాని మాట మీద మా వీధిలో గడియారం గూడా నమ్మరు. మనిషి మాత్రం బంగారు" అన్నాడు. పోలీసాయన ఏం రాసుకున్నాడో ఏమో, పాసుపోర్టు వచ్చేసె.

ఆడ రోడ్డుకు కుడిపక్కన పోవల్లంట గదా. దానికేం బెదురు? హైవేలో రాంగు రూట్లో వచ్చేటోళ్లను చూసి చూసి నాకు అలవాటే. పొద్దున్నే ట్రాఫిక్కు లేనప్పుడు పాత రోడ్డులో కుడిపక్కన నడుపుతాండా. ఎదురుగా గొర్రెలు తోలుకోని వచ్చే బయమ్మ, "ఏమప్పా, రాత్రి తాగింది దిగలేదా?" అంటాది. "యూరప్ అత్తా, యూరప్" అంటా. "ఆ ఊరు మడకసిర పక్కనా?" అనె.

ఈడ కొరియావోళ్ల కార్ల ఫ్యాక్టరీ వచ్చినాక పెనుకొండ రోడ్డంతా కొరియా అక్షరాల బోర్డులు. ఇంగ్లీషు బోర్డూ, కొరియా బోర్డూ నాకు రెండూ ఒకటే. స్పెయిను బోర్డు చూసినా నేను కొత్తగా బెదిరేది ఏముంటాది?

అక్కా, ఒక మాట. నువ్వు రాసిన ఆ చావులన్నీ నాకు గుర్తుండాయి. ఎలుగుబంటి రోజు టమాటాలు నేనే పిసికినా. ఆ దినం నువ్వు తిట్టి, కొట్టి, తర్వాత అదే చొక్కా ఉతుకుతా నవ్వినావు. నిన్ను నవ్విచ్చల్లనే చేసేటోళ్లము. వేరే యావారం ఏం లేదు.

ఆఖరిసారి నేను ఫోన్ చేసి "అక్కా, బావ పోయినాడు" అన్నప్పుడు నువ్వు నవ్వినావు. నవ్వి పెట్టేసినావు. మల్లా ఎత్తలేదు. మూడో దినం పాస్టరుగారు ఆస్పత్రోళ్లతో చెప్పిచ్చి, వాళ్లు మోంసె అమ్మకు చెప్పినాకనే నీకు నిజం తెలిసింది. అప్పటికి మట్టి కూడా అయిపాయ. నేను అన్నిసార్లు అబద్ధాలాడకుంటే నువ్వు వచ్చి మొహం చూసుకునేదానివి. ఈ పాపం నాది. దానికి క్షమించమని అడగను. ఒక రాత్రి చోటు అడుగుతాండా. బండితో సహా.

నేను వచ్చేది అబద్ధం కాదు.

జాయ్


ఐన్సా దగ్గర
ఏప్రిల్ 2

జాయ్‌కి అక్క రాసేది,

నీ పాసుపోర్టు ఫోటో ఫ్రిజ్ మీద అంటించినాను. పాలు తీసినప్పుడల్లా దొంగమొహం కనపడుతోంది. చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడినాయి. రంగు వేసుకోకుండానే ఫోటో తీయించుకున్నావా, లేకుంటే అది కూడా ఏదైనా ఆటనా?

ఫ్రాన్సు వాళ్లకు రావద్దని రాసేసినాను. వాళ్ల పెద్దాయన కోపం చేసుకున్నాడు. పన్నెండేళ్లుగా వస్తున్నామన్నాడు. మా ఇంటివాళ్లు వస్తున్నారని చెప్పినాను. ఆ మాట నా నోట్లోనుంచి వచ్చినాక, వంటింట్లోకి పోయి ఊరికే నిలబడుకున్నాను.

నిన్న షెడ్డు కడిగినాను. మూలలో మోంసె అమ్మ వాళ్ల గడ్డి మోపులు ఉంటే తీయించినాను. మీ బండ్లకు స్టాండు కింద పెట్టడానికి పలకలు కోయించినాను, వానాకాలంలో బండ మీద పాకుడు పడుతుంది. గేటు దగ్గర కంకర వద్దన్నావు కదా. ఉండేది. ఊడ్పించినాను. నీ ఒక్క మాటకు రెండు దినాల పని.

ఇక్కడ ఇంకా మంచు కరుగుతోంది. పొద్దంతా నీళ్ల చప్పుడే. ఎటు చూసినా పచ్చగానే ఉంటుంది. వచ్చినోళ్లందరూ "ఎంత బాగుందో" అంటారు. నాకు మాత్రం కండ్లు నొప్పి పెడతాయి రా. ఎర్రగా, ఖాళీగా, గాలికి దుమ్ము లేచే నేల చూడాలనిపిస్తుంది. మొదటి వానకు మన శెనక్కాయ చేన్లల్లో వచ్చే వాసన కోసం, ఇక్కడ వాన పడినప్పుడల్లా తలుపు తీసి నిలబడతాను. రాదు. ఈ నేలకు దప్పిక తెలీదు. దప్పిక లేని నేలకు ఆ వాసన ఎట్లా వస్తుంది?

నువ్వు వచ్చేటప్పుడు ఊరిబిండి తీసుకురా. శెనక్కాయలు ఎర్రగా వేయించి, రోట్లో నూరింది. మిక్సీలో వేసింది తెస్తే గేటు తియ్యను. రాగిపిండి ఇక్కడ దొరుకుతుంది, సంగటి నేను చేస్తాను.

ఆ దినం సంగతి మాత్రం ఇక ఎత్తొద్దు. పాపం నీదని రాసినావు. అట్లా రాయొద్దు. ఎందుకో అడగొద్దు.

మీ బండ్లలో నీది ఏ రంగు? చివర వచ్చేదే కదా నీది? గేటు నుంచి రోడ్డు మూడు మలుపులు కనపడుతుంది.

అక్క


సోమందేపల్లె,
ఏప్రిల్ 27

అక్కా,

ఎత్తొద్దన్నావు. ఎత్తకుండా ఉంటే నీ ఇంట్లో కూర్చోని సంగటి తినలేను. అందుకని చెప్తాండా. ఈ జాబులో తమాషా లేదు. ఎతుక్కోవద్దు.

ఆ దినం మధ్యాన్నం మూడు గంటలకు బావ చీనీ కాయల లోడు దింపేసి షాపు కాడికి వచ్చినాడు. "రొంత ఆయాసంగా ఉండాది జాయ్, టీ చెప్పు" అని టైర్ల మీద కూర్చున్నాడు. నేను బండి కింద ఉండా. చెప్పి వచ్చేసరికి తల ఎనక్కి ఏసి, నోరు తెరిచి, నాలుక పక్కకు పెట్టుకోని ఉండాడు. నీకి తెలుసు గదా ఆయన శవం ఆట. అట్లనే.

నేను నవ్వినా. "బావా, నాలుక రొంత ఎక్కువైంది, లోపలికి పెట్టుకో, అక్క నమ్మదు" అన్నా. పెట్రోలు పోసే గరాటా తెచ్చి నెత్తి మీద పెట్టినా. చేతిలో పానా పెట్టినా. పానా కింద పడిపాయ. అది గూడా యాక్టింగ్ అనుకున్నా. సెల్లు తీసి ఫోటో కొట్టినా. నీకి పంపల్లని. బయ్యన్న టీ తెచ్చినాడు, వాడూ నవ్వినాడు. పది నిమిషాలు అక్కా. పది నిమిషాలు ఆయన్ను పెట్టుకోని నేను నవ్వినా.

ఈగ వచ్చి పెదిమ మీద వాలినాది. ఆయన తోలుకోలేదు.

అప్పుడు తెలిసింది.

"అప్పుడే పోయింటాడు, నువ్వు ముందు చూసినా లాభం లేదు" అని డాక్టరు అన్నాడు. నిజమే చెప్పినాడో, నా మొహం చూసి చెప్పినాడో నాకి తెల్దు. మల్లా అడగలేదు.

అక్కా, నీకి ఫోన్ చేసినప్పుడు నువ్వు నవ్వితే నాకు కోపం రాలేదు. నేను నవ్విన పది నిమిషాలే చెవుల్లో ఇనపడినాయి. ఈ మాట ఎవురికీ చెప్పలేదు. ఇది చదివినాక గేటు తియ్యకపోయినా నేను ఏమనను. పది మందికి ఇయ్యి చోటు. నేను షెడ్డులో పండుకుంటా, బండ్ల కాడ.

జాయ్


ఐన్సా దగ్గర
మే 18

తమ్ముడూ,

రెండు వారాలు నీ ఉత్తరం ఏప్రన్ జేబులో పెట్టుకొని తిరిగినాను.

నేను ఏమీ రాయకూడదనుకున్నాను. నువ్వు అంతా చెప్పినాక నేను మాత్రం దాచుకుంటే నీ పక్కన కూర్చోలేను. విను.

అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు "ఎస్తేరక్కా!" అని పేరు పెట్టి, గొంతు పెద్దగా చేసి పిలుస్తావు. ఎప్పుడూ అంతే. ఆ దినం "అక్కా" అన్నావు. మెల్లగా. అంతే అన్నావు. అప్పుడే నాకు తెలిసిపోయింది.

నేను నమ్మక నవ్వలేదు జాయ్. నమ్మినాను. అందుకే నవ్వినాను. నేను నవ్వితే అది ఆట అవుతుంది. ఆట అయితే ఆయన టమాటా చొక్కాతో లేచి కూర్చుంటాడు. నువ్వు "యట్ల మోసపోయినావో చూడు" అంటావు. అప్పుడు నేను తిట్టొచ్చు.

ఫోను ఆవులు నీళ్లు తాగే గోలెంలో వేసినాను. మళ్లీ మోగుతుందని భయం. మూడు దినాలు రొట్టెలు కాల్చినాను, దుప్పట్లు ఉతికినాను, మోంసె అమ్మకు మందులిచ్చినాను. ఆమె పిలిచి చెప్పినప్పుడు మొదటిసారి విన్నట్టు నేల మీద కూర్చున్నాను. నాకంటే పెద్ద యాక్టరు మీ ఇద్దరిలో ఎవరూ లేరు.

మొహం చూసుకునేందుకు రాగలిగేదాన్ని. ఆ పొద్దే బయలుదేరి ఉంటే. నీ అబద్ధాల వల్ల కాదు రా రాకపోయింది. నీ నిజం వల్ల. నువ్వు నీదే పాపమనుకోని ఏడేళ్లు ఉన్నావు. అది తెలిసి కూడా నేను ఒక్క కార్డు రాయలేదు. నాకు నీ మీద కోపమని నువ్వు అనుకున్నావు. కోపం ఉంటే ఎప్పుడో తిట్టి ఉండేదాన్ని కదా. సిగ్గు. ఫోను చెయ్యొద్దన్నది కూడా అందుకే. నీ గొంతు వింటే మళ్లీ నవ్వుతానేమోనని.

షెడ్డులో పండుకుంటావా? కొడతాను.

పద్నాలుగో తేదీ సాయంత్రం గేటు దగ్గర ఉంటాను. నువ్వు బండి దిగినాక ఇద్దరం ఒకసారి కూర్చొని ఏడుద్దాం. ఆయన కోసం మనం కలిసి ఏడవనే లేదు.

మీ అక్క


సోమందేపల్లె,
జూన్ 3

అక్కా,

ఇది కొరియర్లో పంపుతాండా. బిన్నా చేరల్ల.

నేను వస్తలేను. వీసా ఇయ్యలేదు.

ఆగు. ఇది ఆట కాదు. నువ్వు నమ్మవని తెలుసు, నేనైనా నమ్మను. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తాండా. అర్జీలో "ఆ దేశంలో మీ చుట్టాలు ఎవురైనా ఉండారా" అని ఒక గడి ఉండాది. విజయభాస్కర్ "ఏమీ రాయొద్దు జాయ్, చుట్టాలుంటే నువ్వు ఆడనే ఉండిపోతావని అనుమానపడతారు" అన్నాడు. ఆయన చెప్పింది మంచికే.

నేను రాసినా. అక్క ఉండాది అని. పేరు, అడ్రస్సు, అన్నీ. ఈ ప్రయాణంలో ఒక్క అబద్ధం గూడా ఉండకూడదని నీ మొదటి జాబు చూసిన దినమే అనుకున్నా. నువ్వు ఉండి గూడా లేవని యట్ల రాసేది? ఏడేండ్లు అట్లనే బతికినా గదా, ఇంక చాలు అనిపిచ్చె.

పాసుపోర్టు వాపసు ఇచ్చినారు. కాగితం జయరాముడు సారు చదివి చెప్పినాడు. పోయినోడు మల్లా తిరిగొస్తాడని వాళ్లకు నమ్మకం కుదరలేదంట. "నమ్మకం" అనే మాట దగ్గర సారు నా మొహం చూసినాడు. నేను గూడా నవ్వినా, ఏం చేస్తా? నలభై ఆరేండ్లు అబద్ధాలు చెప్పినప్పుడు ఎవురో ఒకరు నమ్మినారు. ఒక గడిలో నిజం రాస్తే ఇట్లాయ.

మల్లా అర్జీ పెట్టుకోవచ్చంట. ఈ టూరుకు మాత్రం టైము లేదు. పది బండ్లు వస్తాయి. విజయభాస్కర్ ముందు వస్తాడు. ఆరీఫా అని బెంగళూరు పిల్ల నా తావులో చివర వస్తాది, బండి బాగా నడుపుతాది. ఊరిబిండి ఆమె చేతికిస్తా. రోట్లో నూరిందే. బయమ్మత్త నూరింది, నేను పక్కన నిలబడి చూసినా.

నీ జాబు అందింది. అది చదివినాక నాలుగు దినాలు షాపు తియ్యలేదు. ఏమీ లేదు, బాగనే ఉండా. ఏడేండ్ల తర్వాత రొంత ఊపిరి ఆడింది, దానికి అలవాటు పడతాండా. నువ్వు నవ్విందానికి నాకేం బాధ లేదక్కా. మనిద్దరం ఆయన చావు ముందర నవ్వినాము. ఆయనకి కావల్సింది గూడా అదే గదా.

ఫ్రాన్సోళ్లను వద్దని, గడ్డి మోపులు తీయిచ్చి, కంకర ఊడ్పిచ్చి... నా మాట నమ్మినందుకు మల్లా నీకి ఇట్లనే అయ్యింది. గేటు కాడ నిలబడొద్దు అక్కా. వచ్చినోళ్లకు సూపు పొయ్యి. లోపలే ఉండు.

జాయ్


ఐన్సా దగ్గర
జూన్ 16

తమ్ముడూ,

నీ కొరియరు పదో తేదీ వచ్చింది. చదివినాను. చదివి నవ్వినాను. ఈసారి నిజంగా.

ఎంత చక్కగా అల్లినాడు, అనుకున్నాను. గడి అంట, అక్క ఉందని రాసినాడంట, అందుకని ఇవ్వలేదంట. "ఇది ఆట కాదు" అని మొదట్లోనే చెప్పినాడు, అంటే ఆటే. నేను ఏడుస్తూ వంట చేస్తుంటే, ఇంజను చప్పుడు చేయకుండా వచ్చి వెనకనుంచి "ఎస్తేరక్కా!" అని అరవాలని. అంతేకదా నీ ఎత్తు? మోసపోకూడదనుకున్నాను. పదకొండు పరుపులు వేసినాను. పదకొండు గిన్నెలు పెట్టినాను.

పద్నాలుగో తేదీ సాయంత్రం ఆరు గంటలకు గేటు దగ్గర నిలబడినాను. ఇక్కడ ఎండాకాలం తొమ్మిది దాకా వెలుతురే. సన్నగా తుంపర పడుతోంది. ముందు చప్పుడు వినపడింది, తర్వాత మూడో మలుపులో లైట్లు. లెక్క పెట్టినాను. పది.

సరే, పదిలోనే ఉంటాడు అనుకున్నాను. పదకొండని రాసి పది మంది రావడం, అది కూడా నీ లెక్కే.

ఒక్కొక్కరూ లోపలికి వచ్చి, షెడ్డులో బండి నిలిపి, హెల్మెట్ తీస్తుంటే మొహంలోకి వంగి చూసినాను. ముందు తీసినాయన విజయభాస్కర్ అంట, బట్టతల. "నమస్తే అక్కా" అన్నాడు, నేను జవాబు కూడా చెప్పకుండా పక్క హెల్మెట్ దగ్గరికి పోయినాను. ఒక గడ్డం ఆయన. మొగుడూ పెళ్లాలు ఒక జంట. ఒకాయన లావుగా, నీ భుజాలే. హెల్మెట్ తీస్తే ఎవరో. నా మొహం చూసి పాపం ఆయనే సారీ చెప్పినాడు.

తొమ్మిది హెల్మెట్లు అయిపోయినాయి. పదోది చివర వచ్చింది. షెడ్డు గోడవైపు తిరిగి నిలబడింది. హెల్మెట్ తీయడం లేదు. నువ్వే. కావాలనే ఆలస్యం చేస్తున్నావు. నేను ఉండబట్టలేక "చాలు రా, తిరుగు" అన్నాను. తిరగలేదు. గ్లౌజులు తడిసి, గొంతు కింద పట్టీ రావడం లేదు. నేనే పోయి, నా చేతులతో నేనే పట్టీ ఊడదీసినాను. హెల్మెట్ నేనే ఎత్తినాను.

జడ కిందికి పడింది.

"ఎవురి కోసరం చూస్తాండారక్కా?" అనింది ఆరీఫా.

"మా తమ్ముడు వీసా రాలేదని రాసినాడమ్మా. అబద్ధమేమోనని చూస్తున్నా" అన్నాను.

ఆ పిల్ల తడి గ్లౌజులు పీకేసింది. తర్వాత నా రెండు చేతులూ పట్టుకొని చెప్పింది. బెంగళూరు విమానాల దగ్గరికి నువ్వు వచ్చినావంట. పానాల సంచి తెచ్చి విజయభాస్కర్‌కు ఇచ్చి, ఒక్కొక్కరికీ జాగ్రత్తలు చెప్పినావంట. "తడిచిన గ్లౌజులు ఇంజను మీద పెట్టొద్దండి, మా అక్క వేడి రూము పెట్టింది, ఆడ ఆరేయండి" అన్నావంట. ఒక్క తమాషా కూడా చెయ్యలేదంట. వాళ్లు లోపలికి పోయి అద్దంలోనుంచి చూస్తే, ఇంకా అక్కడే నిలబడినావంట.

అందరికీ సూపు పోసినాను. జర్కిన్లు ఆరేసినాను. వాళ్లలో ఒకాయన తెలియక, "మీ ఆయన ఏరి అక్కా?" అని అడిగినాడు. "పోయినాడు" అన్నాను. ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదలు. నవ్వు రాలేదు. పాత్రలు కడిగేటప్పుడు ఆరీఫా నా పక్కన నిలబడి తుడిచింది. ఇద్దరం కలిసి ఏడుద్దామని నీకు రాసినాను కదా, ఆ పిల్ల దగ్గర ఏడ్చినాను. ఏమనుకోవద్దు.

నిన్న పొద్దున వాళ్లు పోయినారు. ఊరిబిండి బాగుంది, ఉప్పు తక్కువ. బయమ్మత్తకు చెప్పు.

నువ్వు నిజమే రాసినావు. మొదటి ఉత్తరం నుంచి ఆఖరిదాకా అన్నీ నిజాలే రాసినావు. ఋజువు చూపించమని నిన్ను అంత మాట అన్నదాన్ని, ఇప్పుడు నమ్ముతున్నాను. నిన్ను ఇంక ఎప్పుడూ అనుమానించను. వీసాకు మళ్లీ పెట్టు. ఆ గడిలో మళ్లీ నా పేరే రాయి. ఏడాది కానీ, రెండేళ్లు కానీ.

కానీ తమ్ముడూ, అంతదాకా ఉండాలి కదా. ఈసారి జాబు రాసేటప్పుడు ఒక్క అబద్ధం రాయి. చిన్నదే. "ఎస్తేరక్కా, వచ్చే నెల వస్తాండా" అని రాయి.

నేను నమ్ముతా.

అక్క